పాస్టరు గారు ఆరు వారాలు సెలవు తీసుకోవాలంటే ఏం చేయాలి?

నేను అలిసిపోయానన్న సంగతి నాకు చెప్పింది డాక్టరు కాదు, మా సంఘంలో ఎనభై ఏళ్ల అవ్వ. ఆరాధన అయ్యాక చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, పోయినాదివారం కూడా ఇదే వాక్యం చెప్పారు కదండీ" అంది. "మళ్లీ వినాల్సిన మాటమ్మా అది" అని నవ్వేసి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి నోట్సు తీసి చూస్తే నిజమే. అదే భాగం, అవే మూడు పాయింట్లు, చివర్లో అదే పడవ ఉదాహరణ. రెండోసారి చెబుతున్నానని నాకు తెలియనే లేదు.

అప్పటికి పరిచర్యకు వచ్చి పద్దెనిమిదేళ్లు. వరసగా రెండు ఆదివారాలు పుల్పిట్ ఎక్కకుండా ఉన్నది ఒక్కసారే, డెంగ్యూ వచ్చినప్పుడు.

ఆ వారమే బ్యాగు సర్దుకుని, పెద్దలకు ఒక ఫోన్ చేసి, పది రోజులని చెప్పి వెళ్లిపోయాను. నాలుగో రోజుకే తిరిగొచ్చాను. మైకు పని చేయలేదని ఒకరు, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎవరు నడపాలని ఇంకొకరు, అయ్యగారికి గుండెపోటట కదా అని పక్క ఊరి నుంచి మరొకరు ఒకటే ఫోన్లు. మరుసటి ఏడాది ఆరు నెలల ముందు నుంచి సిద్ధం చేసుకుని, ఆరు వారాలు ఆగాను. ఆ రెండింటికీ మధ్య తేడా ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. మీరు సొంతంగా సంఘం నడిపే పాస్టరైనా, మిషన్ సంఘంలో ఉన్నా చాలావరకు పనికొస్తుంది.

ముందు మీ మనసును ఒప్పించండి

మనలో చాలామందికి సెలవంటే తప్పు చేసినట్టుంటుంది. "సైతానుకు సెలవుందా?" అని అడిగే విశ్వాసి ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. సైతాను మనకు మాదిరి కాదు కదా అని నేను ఊరుకుంటాను. మీరు వాక్యంతోనే జవాబు చెప్పాలనుకుంటే మూడు చోట్లు చాలు. నిర్గమకాండము 18లో, పొద్దున్నించి సాయంత్రం దాకా జనాల తగవులు తీరుస్తున్న మోషేను చూసి మామ యిత్రో, నువ్వు చేసే పని మంచిది కాదు, నువ్వూ ఈ జనమూ నలిగిపోతారని ముఖం మీదే చెప్పాడు. సంఖ్యాకాండము 8లో, దేవుని గుడారంలో సేవ చేసే లేవీయులకు 25వ ఏట సేవ మొదలు, 50వ ఏట బరువు పని నుంచి విడుదల. ఇక మొదటి రాజులు 19లో బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది ఆ తర్వాత, హోరేబులో.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది లేవీయకాండము 25. ఏడో ఏట భూమికి విశ్రాంతి అన్నాక, మరి ఏం తింటామని జనం అడుగుతారని దేవుడికి ముందే తెలుసు. ఆరో ఏటే మూడేళ్లకు సరిపడా పంట పండిస్తానన్నాడు. అంటే ఏడో ఏటి విశ్రాంతి ఆరో ఏటి గాదెలో ఉంది. నా మొదటి ప్రయత్నంలో నా గాదె ఖాళీ.

ఇంకో మాట. మనకు సువార్త తెచ్చిన దొరలకు ఫర్లో, అంటే కొన్నేళ్లకోసారి సొంత దేశానికి వెళ్లివచ్చే సెలవు, ఉండేది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కొన్నేళ్లకే అమెరికా వెళ్లి, అక్కడ ఉన్న కాలంలో వైద్యం చదువుకుని, మళ్లీ గుంటూరుకే వచ్చాడు. కొడైకెనాల్‌లో 1845లో మొదటి ఇళ్లు కట్టుకున్నది మదురై వైపు పని చేసిన అమెరికన్ మిషనరీలే, ఎండలకు తట్టుకోలేక. వాళ్ల దగ్గర నుంచి మనం కోటు తీసుకున్నాం, పాటల పుస్తకం తీసుకున్నాం, కమిటీలు తీసుకున్నాం. ఫర్లో ఒక్కటే తీసుకోలేదు. వాళ్లకు జీతమిచ్చే బోర్డు ఉంది, మన అయ్యలకు వారం వారం వచ్చే కానుకలే ఉన్నాయి కాబట్టి అలా జరిగిందని నా అభిప్రాయం. అందుకే డబ్బు సంగతి కింద కాస్త వివరంగా రాశాను.

ఏది సెలవు కాదో తెలుసుకోండి

వేరే ఊరి సువార్త సభల్లో మూడు రోజులు వాక్యం చెప్పడం సెలవు కాదు. పాస్టర్ల సదస్సుకు వెళ్లడం కాదు. యెరూషలేము యాత్రకు నలభై మందిని వెంటేసుకుని వెళ్లడం అసలే కాదు, బస్సు దిగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టేది మీరే. ఇరవై ఒక్క రోజుల ఉపవాసం గొప్పదే కానీ అది ఇంకో పని. ట్రాన్స్‌ఫర్ కూడా విశ్రాంతి కాదు. పాత గొడవల నుంచి కొత్త గొడవలకు మారడం, అంతే.

మీకు సెలవు కావాలో లేదో చూసుకోవడానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కు చెప్పిన మూడు గుర్తులు పనికొస్తాయి. దాన్ని వాళ్లు జబ్బు అనలేదు, పని వల్ల వచ్చే స్థితి అన్నారు. శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, చేసే పనిలో పస తగ్గడం. మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఫోన్ మోగితే పేరు చూడకముందే విసుగొస్తుంది. భూస్థాపన దగ్గర ఏడుస్తున్న వాళ్లను చూస్తూ మీరు టైము చూసుకుంటారు. పదిమందిలో ప్రార్థన గంటసేపు వస్తుంది, ఒంటరిగా కూర్చుంటే రెండు నిమిషాలు రాదు. మూడూ ఉంటే వాయిదా వేయకండి.

ఎప్పుడు, ఎన్నాళ్లు

నాలుగు ఆదివారాల కంటే తక్కువైతే శ్రమ పడి ఏర్పాట్లు చేసుకోవడం దండగ. మొదటి వారం ఎలాగూ నిద్రకు, తలనొప్పికి పోతుంది. అమెరికాలో కొన్ని సంఘాలు ఆరేడేళ్లకోసారి మూడు నెలలు ఇస్తాయి. మన దగ్గర స్వతంత్ర సంఘానికి మూడు నెలలు ఎక్కువ, నాలుగు వారాలు తక్కువ. ఆరు వారాలు కుదురుతాయి.

క్యాలెండర్ ముందు పెట్టుకుని కొట్టేసుకుంటూ రండి. డిసెంబరు మొత్తం సెమీ క్రిస్మస్‌లు (పండగకు ముందు జరిపే వేడుకలు), ఆ తర్వాత 31 రాత్రి ఆరాధన, జనవరి ఒకటిన కొత్త ఏటి వాగ్దాన వచనాలు. శ్రమల దినాలు మొదలైనప్పటి నుంచి ఈస్టరు దాకా ఊపిరాడదు. మేలో పెళ్లిళ్లు, పిల్లలకు వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిల్ బడి). జూన్‌లో బడి ఫీజుల గొడవ. మిగిలేది జూలై నుంచి అక్టోబరు. డెల్టా ఊళ్లలో జూలై, ఆగస్టుల్లో నాట్లు, సంఘంలో సగం మంది చేలల్లోనే ఉంటారు, వారం మధ్య కూటాలు ఎలాగూ పలచబడతాయి. ఆషాఢంలో మన పెళ్లిళ్లు కూడా తగ్గుతాయి, ఎందుకని మాత్రం అడగొద్దు. బడికి వెళ్లే పిల్లలుంటే ఆగస్టు 15 దాటాకో, సెప్టెంబరు మొదట్లోనో మొదలుపెట్టి, దసరా సెలవులతో ముగించండి. చివరి రోజులు పిల్లలతో గడుస్తాయి. నేను అలాగే చేశాను.

పెద్దలకు చెప్పడం

పుల్పిట్ మీద నుంచి ముందు చెప్పకండి. ఇంట్లో భార్యకు, తర్వాత పెద్దల్లో అందరికంటే నెమ్మదస్తుడికి, ఆ తర్వాత పెద్దల కూటంలో. కనీసం ఆరు నెలల ముందు.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు వంటి సంఘాల్లో ఉన్నవాళ్లు ముందు తమ నియమావళిలో సెలవుల గురించి ఏముందో చదవాలి. బిషప్ గారికో అధ్యక్షుల వారికో కాగితం మీద అడగాలి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోవాలి. "వెళ్లిరండి, ఏం పర్లేదు" అన్న నోటిమాట ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. స్వతంత్ర సంఘాల్లో అడగడానికి పైన ఎవరూ లేరు. అందుకే వాళ్లకు ఎక్కువ కష్టం. పెద్దల మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించి సంతకాలు తీసుకోండి.

నేను పెద్దలకు ఇచ్చిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది. కావాలంటే మార్చుకుని వాడుకోండి.

"ప్రియమైన సంఘ పెద్దలకు వందనాలు. ఈ సంవత్సరం ఆగస్టు చివరి ఆదివారం ఆరాధన తర్వాత నుంచి ఆరు వారాలు నేను, నా కుటుంబం విశ్రాంతి తీసుకోవాలని అనుకుంటున్నాం. ఏ గొడవా లేదు, ఏ జబ్బూ బయటపడలేదు, వేరే సంఘానికి వెళ్లే ఆలోచన లేదు. అలిసిపోయాను, ఇంకా అలిసిపోకముందే ఆగాలనుకుంటున్నాను. ఆ ఆరు ఆదివారాల వాక్యం, ప్రభువు బల్ల, శుక్రవారం ప్రార్థన, రోగుల పరామర్శ ఎవరు చూడాలో మనం కలిసి నిర్ణయిద్దాం. తిరిగి వచ్చే తేదీ కూడా ఇందులోనే రాస్తున్నాను."

గొడవ లేదు, జబ్బు లేదు, వెళ్లిపోవడం లేదు అని ఎందుకంత వివరంగా రాయాలంటారా? రాయకపోతే ఆ మూడూ ఊళ్లో తిరుగుతాయి. నాలుగోది కూడా తిరుగుతుంది, "అమెరికా వీసా వచ్చిందట" అని. సంఘానికి మూడు ఆదివారాల ముందు ప్రకటించండి. ప్రకటన మీరు కాదు, పెద్దలు చదవాలి. పెద్దలు చదివితే అది సంఘం ఇచ్చిన సెలవవుతుంది. మీరు చదివితే మీరు అడుక్కున్నట్టుంటుంది.

డబ్బు

దీని గురించి మాట్లాడటానికి మొహమాటపడి చాలామంది ఆగిపోతారు. అయ్యగారు లేని ఆదివారం కానుకలు తగ్గుతాయన్నది ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలిసిన విషయం. ఇల్లు మాత్రం మామూలుగానే గడవాలి.

లెక్క కాగితం మీద పెట్టండి. ఉదాహరణకు ఇంటి ఖర్చు నెలకు 15,000 అనుకుంటే ఆరు వారాలకు 22,500. మీ బదులు వాక్యం చెప్పే ఆయనకు ఆదివారానికి దారి ఖర్చుతో కలిపి 1,500 చొప్పున 9,000. మీ ప్రయాణం, బస 12,000. మొత్తం 43,500. ఏడాది ముందు నుంచి దాచుకుంటే నెలకు సుమారు 3,600. నలభై కుటుంబాలున్న సంఘంలో కుటుంబానికి నెలకు 90 రూపాయలు. కాగితం మీద చూశాక మా పెద్దల్లో ఒకాయన, "ఇంతేనా? ఫ్లెక్సీలకే ఇంతకంటే పెడుతున్నాం" అన్నాడు.

మా దగ్గర ఆడవాళ్లు పిడికెడు బియ్యం పద్ధతి ఇంకా పాటిస్తున్నారు, పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు పక్కన తీయడం. ఆ సంవత్సరం నెలకు ఒక ఆదివారం బియ్యం అమ్మిన డబ్బు విశ్రాంతి కవరులో వేశారు. నేను అడగలేదు, స్త్రీల సమాజం వాళ్లే చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు ఇచ్చే 5,000 గౌరవ వేతనం మీకు అందుతుంటే అది లెక్కలో వేయకండి. నెలనెలా టైముకు వస్తుందని నమ్మి ఖర్చు పెట్టుకుంటే ఇబ్బంది పడతారు.

వెళ్లేముందు మూడు పనులు తప్పకుండా చేయండి. ఆరాధన అయిన వెంటనే ఇద్దరు కలిసి కానుకలు లెక్కపెట్టి పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బ్యాంకులో మీ సంతకం లేకుండా పని జరిగే ఏర్పాటు ఉండాలి. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి మాత్రం ఇవ్వకండి, ఎంత నమ్మకస్తుడైనా సరే. అది ఆయన్ను అనుమానించడం కాదు, రేపు ఆయన మీద పడబోయే అనుమానం నుంచి ఆయన్ను కాపాడటం.

మీ బదులు ఎవరు

అసలు భయం ఇక్కడే. వచ్చినాయన బాగా చెబితే? సంఘం ఆయన వెనకాల వెళ్లిపోతే? ఈ భయం సిగ్గుపడాల్సినది కాదు, ఇలా జరిగిన సంఘాలు నాకు తెలుసు. అయితే ఆ భయంతో ఆగిపోకుండా, మనిషిని చూసి ఎంచుకోండి.

యూట్యూబ్‌లో పేరున్న వాళ్లను పిలవకండి. పక్క వీధిలో కొత్తగా సంఘం పెట్టిన తమ్ముణ్ణి పిలవకండి. రిటైరైన పాస్టరు గారు దొరికితే అంతకంటే మంచిది లేదు, ఆయనకు మీ కుర్చీ అక్కర్లేదు, నలుగురు విశ్వాసులు "ఎలా ఉన్నారు అయ్యగారూ" అని అడిగితే చాలు. బైబిల్ కాలేజీలో చదువుతున్న కుర్రాళ్లకు ఒకటి రెండు ఆదివారాలు ఇవ్వచ్చు. మిగతావి మీ పెద్దలకే ఇవ్వండి. నాకు ఆరు ఆదివారాల్లో మూడు రిటైరైన అయ్యగారు, ఒకటి విద్యార్థి, రెండు మా పెద్దలు. అందులో ఒక పెద్దాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినాయన. ఆయన చెప్పిన వాక్యం గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. కొంచెం కుళ్లుకున్నాను, దాచడం ఎందుకు.

ఒప్పందం ముందే చెప్పుకోండి. వాక్యం చెప్పడం, రోగుల కోసం ప్రార్థించడం వరకే. కొత్త కార్యక్రమాలు మొదలుపెట్టకూడదు, విశ్వాసుల ఫోన్ నంబర్లు సేకరించకూడదు, ఇళ్లకు వెళ్తే పెద్దల్లో ఒకరు తోడుండాలి. ఇది మీరు చెబితే కటువుగా ఉంటుంది, పెద్దలతో చెప్పించండి.

బాప్తిస్మాలు మీరొచ్చేదాకా ఆపవచ్చు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడం, మీ సంఘ పద్ధతిని బట్టి ఉంటుంది. అభిషేకం పొందినవారే ఇవ్వాలన్న నియమం ఉన్నచోట వాళ్లను ముందే పిలిపించుకోవాలి. పెళ్లి దగ్గర జాగ్రత్త. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఎవరు చేయవచ్చో చెప్పి ఉంది, బిషప్ చేత అభిషేకం పొందినవారు, ప్రభుత్వ లైసెన్సు ఉన్న పాస్టర్లు ఇలా. లైసెన్సు లేని తమ్ముడు ఉత్సాహంగా చేసేస్తే తర్వాత సర్టిఫికెట్ దగ్గర ఆ జంటే తిరగాలి. ఆ ఆరు వారాల్లో పెళ్లి ఉంటే లైసెన్సున్న పాస్టరు గారిని ముందే మాట్లాడండి, రిజిస్టరు ఎక్కడుందో చెప్పండి.

చావు మాత్రం మీ సెలవు చూసుకుని రాదు. భూస్థాపనకు ఇద్దరి పేర్లు రాసిపెట్టండి, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు. సమాధుల తోట తాళం ఎవరి దగ్గరుందో, ఫ్రీజర్ బాక్సుకు ఎవరికి ఫోన్ చేయాలో, పెట్టె చేసే వడ్రంగి ఎవరో ఆ కాగితంలోనే ఉండాలి. మిగతా చిన్న విషయాలు ఒక నోటుబుక్కులో రాయండి: మంచాన పడ్డవాళ్ల పేర్లు, ఏ వారం ఎవరింటికి వెళ్లాలి, కరెంటు బిల్లు తేదీ, యాంప్లిఫయరులో ఏ స్విచ్ ముందు వేయాలి. నవ్వకండి, నా మొదటి సెలవు చెడిపోయింది ఆ స్విచ్ వల్లే.

ఫోన్

మిగతావన్నీ సరిగ్గా చేసి, ఫోన్ దగ్గర ఓడిపోయేవాళ్లే ఎక్కువ.

సంఘానికి తెలిసిన సిమ్ తీసి, ఒక పాత ఫోన్‌లో వేసి, పెద్దల్లో ఒకరికి ఇచ్చేయండి. ఆన్‌లో ఉంచి తానే మాట్లాడాలి. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తుంటే ముందే వేరే నంబరుకు మార్చుకోండి, లేకపోతే ఊరికాని ఊళ్లో డబ్బు తీసుకోలేక తిప్పలు పడతారు. మీరు కొత్త సిమ్ తీసుకోండి. ఆ నంబరు మీ తల్లిదండ్రులకు, ఒక పెద్దకు, ఒక మిత్రుడికి. అంతే. భార్య ఫోన్ మర్చిపోకండి. అయ్యగారు ఎత్తకపోతే పాస్టరమ్మకు చేస్తారు, ఆమె పేరు మీద మీ సెలవంతా కరిగిపోతుంది.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఇంకొకరికి ఇచ్చి మీరు బయటికి రండి. ఆర్కైవ్ చేస్తే చాలదు, రాత్రి పదకొండింటికి చెయ్యి అటే వెళ్తుంది. ఇప్పుడు చాలామందికి రోజూ ఉదయం వాగ్దానం వీడియో పెట్టే అలవాటు ఉంది. ఆరు వారాలవి ముందే రికార్డు చేసి పెట్టుకుంటానని నాతో ఒక తమ్ముడు అన్నాడు. నలభై రెండు వీడియోలు! సెలవుకు ముందే మంచం ఎక్కుతాడు. ఆ రోజుల్లో సంఘం రోజుకొక కీర్తన చదువుకుంటుందని చెప్పండి, సరిపోతుంది.

ఎప్పుడు పిలవాలో కూడా రాసివ్వండి. నేను నాలుగు పేర్లు రాసిచ్చాను, వీళ్లలో ఎవరైనా ప్రభువు నొద్దకు వెళ్తే నాకు చెప్పండి అని. మూడో వారంలో అందులో ఒకాయన వెళ్లిపోయాడు, మా మందిరానికి స్థలం ఇచ్చినాయన. ఫోన్ వచ్చింది, వెళ్లాను, మట్టి వేశాను, ఆ రాత్రి బస్సుకే తిరిగి వెళ్లాను. ఆ నాలుగు పేర్లలో లేని ఒక అక్క కూడా అదే సెలవులో చనిపోయింది. నాకు చెప్పలేదు. చెప్పనందుకు వాళ్ల అబ్బాయికి నామీద కోపం చాలాకాలం ఉంది. తప్పు పెద్దలది కాదు, జాబితా నాది. ఈ ఖర్చు ఉంటుందని తెలిసే వెళ్లండి.

ఎక్కడికి

ఎవరూ మిమ్మల్ని అయ్యగారు అని పిలవని చోటికి. సొంతూరు, అత్తగారి ఊరు వద్దు. చేరిన మర్నాడే "అయ్యగారొచ్చారు, సాయంత్రం చిన్న కూటం పెట్టుకుందాం" అంటారు, కాదనలేరు. అరకు వైపు, హార్స్‌లీ హిల్స్ వైపు తక్కువలో గదులు దొరికే కాలం వానాకాలమే. క్యాథలిక్ వాళ్ల ధ్యాన కేంద్రాల్లో కొన్నిచోట్ల బయటివాళ్లకూ గది, భోజనం ఇస్తారు. ముందుగా ఉత్తరం రాసి అడగండి, అక్కడి మౌనం మొదట్లో ఇబ్బందిగా ఉన్నా అలవాటవుతుంది. ఎలాగూ ఊరు దాటుతున్నవాళ్లు ముందు వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్లి ఒంటి పరీక్షలన్నీ చేయించుకోవచ్చు. ఎక్కడైనా సరే బీపీ, షుగరు, థైరాయిడ్ చూపించుకోండి. ఇరవై ఏళ్లు మైకు ముందు అరిచిన గొంతును ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. నాకు నిద్రలో గురక వల్లే పగలు మత్తుగా ఉంటోందని అప్పుడే తెలిసింది, దాన్ని నేను ఆత్మీయ బలహీనత అనుకున్నాను.

డబ్బు లేకపోతే ఇంట్లోనే ఉండవచ్చా? ఉండవచ్చు, పార్సనేజీ (పాస్టరుకు సంఘం ఇచ్చే ఇల్లు) మందిరం ఆవరణలో లేకపోతే. ఆవరణలోనే ఉంటే కుదరదు, గంట కొట్టగానే కాళ్లు లేస్తాయి.

రోజులు ఎలా గడపాలి

మొదటి వారం ఏమీ పెట్టుకోకండి. తినండి, పడుకోండి. తర్వాత పొద్దున్నే నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం పిల్లలతోనో భార్యతోనో కబుర్లు. బైబిల్ చదివేటప్పుడు పెన్ను దగ్గర పెట్టుకోకండి. పెన్నుంటే ప్రతి వచనమూ వచ్చే ఆదివారం ప్రసంగంలా కనిపిస్తుంది. ఆదివారం ఏదో ఒక సంఘానికి వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ఎవరండీ అంటే అబద్ధం చెప్పక్కర్లేదు, "విశ్వాసినండి, ఫలానా ఊరు" అనండి, అది నిజమే. పాస్టరని తెలిస్తే ముందు కుర్చీ వేస్తారు, ఆ తర్వాత "రెండు మాటలు" అంటారు.

రెండు మూడు వారాల తర్వాత కొందరికి ఏడుపొస్తుంది, ఎప్పటివో భూస్థాపనలు గుర్తొస్తాయి. ఫర్వాలేదు. అయితే రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా దాన్ని మీలోనే దాచుకోకండి. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, మీరు ఫోన్ చేశారని మీ సంఘానికి తెలియదు.

పాస్టరమ్మ సంగతి. స్త్రీల సమాజం, సండే స్కూలు, వచ్చేపోయేవాళ్లకు టీలు, అన్నీ ఆమె జీతం లేకుండా చేస్తోంది. సెలవులో కూడా మూడు పూటలా ఆమే వండితే అది మీ ఒక్కరి సెలవు. అందుకే కనీసం కొన్నాళ్లు భోజనం పెట్టే చోటే గది తీసుకోండి. ఒక వారం ఆమెను పుట్టింటికి ఒంటరిగా పంపండి, పిల్లల్ని మీరు చూసుకోండి. మా ఆవిడ మొదటి రెండు రోజులు రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసింది. మూడో రోజు నుంచి చేయలేదు. నాకే కొంచెం దిగులేసింది.

తిరిగొచ్చాక

శుక్రవారం నాటికి ఊరికి చేరండి, కానీ ఆ ఆదివారం వాక్యం చెప్పకండి. విశ్వాసుల మధ్య కూర్చుని వినండి. "దేవుడు ఏం చూపించాడు అయ్యగారూ?" అని చాలామంది అడుగుతారు. ఏదో దర్శనం చెప్పాలని తొందరపడకండి. "బాగా నిద్రపోయానమ్మా" అంటే చాలు.

సోమవారం పెద్దలతో కూర్చోండి. లెక్కలు చూడండి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. మధ్యలో "నేనుంటేనా" అన్న మాట రానివ్వకండి. కానుకలు కొంచెం తగ్గి ఉంటాయి. ఒకటి రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లి ఉండొచ్చు. వాళ్లింటికి వెళ్లండి, నిష్ఠూరాలు వేయకుండా ప్రార్థన చేసి రండి. మాకు వెళ్లిన రెండు కుటుంబాల్లో ఒకటి క్రిస్మస్‌కు తిరిగొచ్చింది.

మీరు లేనప్పుడు బాగా నడిచిన పనుల్ని తిరిగి లాక్కోకండి. మా శుక్రవారం ప్రార్థన ఇప్పటికీ ఆ కండక్టరు గారే నడుపుతున్నారు, నేను వెళ్లి చాప మీద కూర్చుంటాను. విశ్రాంతి కవరులో మిగిలిన నాలుగు వేల చిల్లర కదపకుండా అలాగే ఉంచాం, వచ్చే ఏడాది ఒక వారానికి అది మొదలు. పాత సిమ్ మాత్రం సోమవారం రాత్రికి తెచ్చేసుకున్నాను. పెద్దాయన ఫోన్‌తో పాటు ఒక కాగితం ఇచ్చాడు: పెళ్లి కబుర్లు మూడు, గృహప్రతిష్ఠ ఒకటి, అన్నదమ్ముల గట్టు తగాదా ఒకటి. గట్టు తగాదా పక్కన "తీరింది" అని రాసి ఉంది.